ఐదు డాలర్ల గుర్రం, డాలరు ఎనభై ఐదు సెంట్ల పొలం

అమెరికా పల్లెల్లో జరిగినట్టు చెప్పిన రెండు వేలంపాటలు ఉన్నాయి. ఒకటి విలియం ఫాక్నర్ రాసింది. 'స్పాటెడ్ హార్సెస్' అన్న కథగా 1931 జూన్‌లో స్క్రిబ్నర్స్ పత్రికలో వచ్చి, తర్వాత బాగా పెరిగి 1940లో 'ది హామ్లెట్' నవలలో చేరింది. రెండోది కింగ్ విడార్ తీసింది. 1934 నాటి 'అవర్ డైలీ బ్రెడ్' సినిమాలో కొద్ది నిమిషాల సన్నివేశం అది. మొదటిదాంట్లో ఎందుకూ పనికిరాని గుర్రాన్ని ఒకడు ఐదు డాలర్లకు పాడుకుంటాడు, ఇంట్లో పిల్లల కాళ్లకు బూట్లు లేకపోయినా. రెండోదాంట్లో పదుల కుటుంబాలు నమ్ముకున్న పొలం డాలరు ఎనభై ఐదు సెంట్లకు పోతుంది, పోగొట్టుకోవాల్సినవాళ్లే ఎగిరి గంతేస్తారు. ఒకచోట ధర అన్యాయంగా ఎక్కువ, ఒకచోట అన్యాయంగా తక్కువ. రెండుచోట్లా ఆ ధర కట్టింది సరుకు నాణ్యతా కాదు, వేలం వేసేవాడి గొంతూ కాదు. చుట్టూ నిలబడ్డ ఇరుగుపొరుగు. నా దృష్టిలో ఈ రెండు రచనల్నీ కలిపి చదవాల్సింది ఆ ఇరుగుపొరుగు కోసమే.

ముందు మామూలు వేలం ఎలా ఉండేదో చెప్పుకోవాలి. ఇరవయ్యో శతాబ్దం మొదటి ఇరవై ముప్పై ఏళ్లలో ఐయోవా, నెబ్రాస్కా, మిన్నెసోటా వైపు పొలం వేలమంటే సగం సంత, సగం వీడ్కోలు. కౌలుదార్లు ఇళ్లు మారేది మార్చి 1న, అందుకని వేలాలు ఎక్కువగా చలికాలం చివర్లో పడేవి. ముందుగానే దాణా కొట్టు గోడ మీదా, ఊరి వారపత్రికలోనూ జాబితా వేసేవారు: గుర్రాలెన్ని, వాటి ఈడెంత, పాడి ఆవులెన్ని, నాగళ్లు, గుంటకలు, బండి, వంటపొయ్యి. ఆ రోజు పొద్దున చిల్లర సామానంతా గడ్డిబండి మీద పరిచేవారు. తాళ్లు, గొలుసులు, సుత్తులు, గాజు జాడీలు ముందు పోయేవి. తర్వాత పనిముట్లు. జనం బాగా పోగయ్యాక పశువులు. చర్చి ఆడవాళ్లు ఒక మూల కాఫీ, తినుబండారాలు అమ్మి చర్చికి నాలుగు డబ్బులు కూడబెట్టేవారు. వేలం వేసేవాణ్ణి అందరూ 'కల్నల్' అని పిలిచేవారు, పటాలం మొహం చూసినా చూడకపోయినా. ఆ విద్య నేర్పడానికి 1905లోనే మిస్సోరీలో ఒక బడి వెలిసింది. పక్కన బల్ల వేసుకుని లెక్క రాసుకునే గుమాస్తా చాలాసార్లు ఊరి బ్యాంకు మనిషే. చేతిలో నగదు లేనివాడి దగ్గర ప్రోనోటు రాయించుకునేవాడు.

అలాంటి చోట ఎవడు ఏది ఎందుకు పాడుతున్నాడో అందరికీ తెలుసు. ఎవడికి అప్పుంది, ఎవడి గుర్రం కుంటుతోంది, ఎవడు కొడుక్కి కొత్త కాపురం పెడుతున్నాడు, అంతా తెలుసు. ఫలానావాడి కోతయంత్రం ఫలానావాడు ఎంతకు కొట్టేశాడన్నది ఆ ఏడంతా చెప్పుకునే మాట. పట్నంలో వేలానికి అపరిచితులు వస్తారు. పల్లెలో రేపు పొద్దున మళ్లీ మొహం చూసుకోవాల్సినవాళ్లు వస్తారు. ఆ తేడా మీదే ఫాక్నర్, విడార్ ఇద్దరూ తమ కథ కట్టారు, అయితే చెరో దిక్కుకు తిప్పారు.

ఫాక్నర్ ఊరి పేరు ఫ్రెంచ్‌మన్స్ బెండ్. మిసిసిపీ రాష్ట్రంలో ఆయన ఊహించి కట్టుకున్న యోక్నపటాఫా కౌంటీలో అదొక మారుమూల. ఊళ్లో ఒక దుకాణం, పత్తి గింజ తీసే ఒక జిన్ను, రెండింటికీ ఆసామి విల్ వార్నర్. అతని అల్లుడు ఫ్లెం స్నోప్స్. ఒకప్పుడు కౌలుదారు కొడుకు, మాట్లాడింది తక్కువ, సంపాదించింది ఎక్కువ. ఫ్లెం టెక్సాస్ వెళ్లి తిరిగొస్తుంటే అతని బండి వెనక ముళ్లతీగతో ఒకదానికొకటి కట్టేసిన మచ్చల గుర్రాల మంద వస్తుంది. వెంట ఒక టెక్సాస్ మనిషి, దంతపు పిడి పిస్తోలు, చేతిలో అల్లం బిస్కట్ల పెట్టె. ఆ గుర్రాలు ఆరు బయట పుట్టి పెరిగినవి, మనిషి దగ్గరికొస్తే తన్నడంతో సరిపెట్టవు. టెక్సాస్ మనిషి ఒకదాన్ని పట్టుకుని ఎంత సాధువో చూడండని చెబుతుంటే, అది వాడి చొక్కా చీరేస్తుంది. వాడు ఊపిరాడక మధ్య మధ్య ఆగి మళ్లీ దాని గుణగణాలు వర్ణిస్తాడు. వేలం వేసేవాడి వాక్చాతుర్యాన్ని ఇంతకన్నా బాగా వెక్కిరించిన పేజీ నేను చదవలేదు.

వేలం జరిగేది మిసెస్ లిటిల్‌జాన్ పూటకూళ్లింటి పక్క దొడ్డిలో. ఊరి మగవాళ్లు కంచె పట్టుకుని వరసగా నిలబడి ఉంటారు. కుట్టుమిషన్లు అమ్ముకుంటూ ఊళ్లు తిరిగే రాట్లిఫ్ అనేవాడు ముందే హెచ్చరించాడు, ఫ్లెం తెచ్చిన సరుకు కొనడమంటే పులినో పామునో కొనుక్కోవడమని. ఎవరికీ అనుమానం లేదు, ఇందులో మోసం ఉందని అందరికీ తెలుసు. అయినా ఒక్కడూ ఇంటికి పోడు. టెక్సాస్ మనిషి ఎంత అరిచినా ఎవడూ నోరు విప్పడు. అప్పుడు వాడు ఎక్ స్నోప్స్ అనే అమాయకుణ్ణి పట్టుకుంటాడు. ఒక గుర్రం ఊరికే ఇస్తాను, రెండోదానికి పాట నువ్వు మొదలెట్టు, అంతే. ఆ ఉచితంతో కట్ట తెగుతుంది. ఎవడూ కొననంతసేపు ఎవడికీ నష్టం లేదు. ఒకడికి అప్పనంగా దొరికిందని తెలియగానే మిగతావాళ్లకు ఏదో పోయినట్టనిపిస్తుంది.

ఆ సమయానికి బండి మీద హెన్రీ ఆర్మ్‌స్టిడ్ వస్తాడు, పక్కన భార్య. ఈమెను ఫాక్నర్ ఎంత పొదుపుగా చూపిస్తాడో గమనించాలి. ఆకారం తెలియని బూడిదరంగు గౌను, ఎండటోపీ, కాళ్లకు మరకలు పడ్డ టెన్నిస్ బూట్లు. అంతకుమించి వర్ణన లేదు. హెన్రీకి గుర్రం అవసరం లేదు. ఎక్‌కు రెండు గుర్రాలు చవగ్గా దొరకడం వాడు భరించలేడు. ఐదు డాలర్లు అంటాడు, అని చుట్టూ చూస్తాడు, దమ్ముంటే పెంచండన్నట్టు. భార్య టెక్సాస్ మనిషి దగ్గరికొచ్చి మెల్లగా చెబుతుంది. ఆ ఐదు డాలర్లూ తను రాత్రిళ్లు నేసి సంపాదించినవి. జెఫర్సన్ పట్నంలో ఆడవాళ్లు దాచి ఇచ్చే దారపు ముక్కలతో నేస్తుంది. అది పిల్లల బూట్లకని పెట్టుకున్న డబ్బు. హెన్రీ ఆమెను తాడుతో కొడతాడు. కంచె దగ్గరున్న మగవాళ్లు చూపు తిప్పుకుంటారు. కలగజేసుకున్నది టెక్సాస్ మనిషి ఒక్కడే, అంటే దగా సరుకు అమ్మడానికి వచ్చినవాడు! వాడు నోటు తిరిగి ఆమె చేతిలో పెడతాడు. హెన్రీ లాక్కుని దాన్ని ఫ్లెం స్నోప్స్ చేతిలో పెడతాడు. రేపు స్నోప్స్ గారి దగ్గర నీ డబ్బు తీసుకో అని ఆమెకు చెప్పి, టెక్సాస్ మనిషి ఊరు దాటిపోతాడు.

తర్వాత జరిగేది నవ్వులాట. కొన్నవాళ్లు తాళ్లు పట్టుకుని దొడ్డిలోకి వెళ్తే గుర్రాలు గేటు దాటి ఊరి మీద పడతాయి. ఒకటి ఏకంగా పూటకూళ్లింట్లోకి దూరుతుంది. లోదుస్తుల్లో ఉన్న రాట్లిఫ్ కిటికీలోంచి దూకుతాడు. మిసెస్ లిటిల్‌జాన్ బట్టలు రుద్దే పలకతో దాని మొహం మీద ఒక్కటిస్తుంది, పలక రెండు ముక్కలవుతుంది. వేలం సాగినంతసేపూ ఈవిడ పెరట్లో బట్టలుడుకుతూ, పొయ్యిలోకి కట్టెలు తోస్తూ, తీగ మీద ఆరేస్తూ, అప్పుడప్పుడూ కంచె అవతలికి చూస్తూ ఉంటుంది. ఆ చూపులో ఏముందో ఫాక్నర్ చెప్పడు. చెప్పక్కర్లేదు కూడా. మగవాళ్ల మధ్య పరువు పోటీగా నడుస్తున్నది అక్కణ్ణించి చూస్తే ఎలా ఉంటుందో మనకు అర్థమవుతూనే ఉంటుంది. నవ్వులాట సద్దుమణిగేసరికి హెన్రీ కాలు విరిగి ఉంటుంది, గుర్రం ఎటో పోయి ఉంటుంది.

విడార్ పొలానికి వద్దాం. జాన్, మేరీ సిమ్స్ పట్నంలో ఉద్యోగం లేని దంపతులు. ఒక బాబాయి తన తాకట్టు పొలాన్ని, ఎలాగూ ఎవరూ తీసుకోనిదాన్ని, వీళ్లకు అప్పగిస్తాడు. జాన్‌కు సాగు రాదు. మిన్నెసోటా నుంచి బయటపడి దారిలో కారు ఆగిపోయిన క్రిస్ అనే స్వీడన్ రైతు దొరుకుతాడు, అతనికి వచ్చు. జాన్ రోడ్డు మీద బోర్డులు పెడితే వడ్రంగి, తాపీమేస్త్రి, ప్లంబరు, దర్జీ, వయొలిన్ వాయించేవాడు, శవాలకు అంత్యక్రియలు చేయించేవాడూ ఇలా ఎవరో ఒకరు వచ్చి చేరుతూ ఉంటారు. హాలీవుడ్ స్టూడియోలు మొహం చాటేస్తే విడార్ సొంత డబ్బు పెట్టి తీశాడు దీన్ని. పంపిణీకి చార్లీ చాప్లిన్ మాటసాయం చేసి యునైటెడ్ ఆర్టిస్ట్స్ ద్వారా విడుదలయ్యేలా చూశాడు.

పొలం మీద బ్యాంకు బాకీ అలాగే ఉంది కాబట్టి ఒకరోజు షెరీఫ్ వచ్చి వేలం వేస్తాడు. కొనడానికి డబ్బున్న బయటివాళ్లు వస్తారు. వాళ్ల పక్కన ఒక్కొక్కరు వచ్చి నిలబడతారు, భుజానికి భుజం ఆనించి. పాట పెంచబోయిన గొంతు మధ్యలోనే ఆగిపోతుంది. సెంట్లలో మొదలైన పాట సెంట్లలోనే పాకి డాలరు ఎనభై ఐదు దగ్గర నిలుస్తుంది. షెరీఫ్‌కు ఇవ్వక తప్పదు. చెరువు చేపలకో గుడి మాన్యానికో పాట జరిగినప్పుడు ఊరివాళ్లు సిండికేటు కావడం మనం చూసిందే. అయితే మన దగ్గర సిండికేటయ్యేది లాభం పంచుకోవడానికి. ఇక్కడ ఊరంతా కలిసింది పొలం పోకుండా ఆపడానికి.

ఇది విడార్ పుట్టించిన ముచ్చట కాదు. మొదటి ప్రపంచయుద్ధం చివర్లో బస్తా గోధుమలకు ఎప్పుడూ చూడని ధర పలికింది. 1919లో బుషెల్ (అక్కడి ధాన్యపు కొలత) 2 డాలర్లు దాటింది. ఆ ఊపులో రైతులు అప్పు చేసి భూములు కొన్నారు, బ్యాంకులు పిలిచి మరీ ఇచ్చాయి. 1932 నాటికి అదే బుషెల్ 40 సెంట్లు కూడా పలకలేదు. ఐయోవాలో మొక్కజొన్న 10 సెంట్లకు పడిపోయి, బొగ్గు కంటే చవకని పొయ్యిల్లో కాల్చుకున్నారు. అప్పు మాత్రం 1919 నాటి డాలర్లలోనే ఉంది. 1932 మేలో డెమోయిన్‌లో ఫార్మర్స్ హాలిడే అసోసియేషన్ పుట్టింది, నాయకుడు మైలో రీనో. సరుకు బజారుకు పంపకుండా రోడ్లు అడ్డగించడంతో మొదలై, జప్తు వేలాల దాకా వచ్చింది ఉద్యమం. పెన్నీ వేలాలని పేరుపడ్డవి అవే. నెబ్రాస్కాలోని మాడిసన్ కౌంటీలో జరిగిన ఒకదాంట్లో బ్యాంకు వందలూ వేలూ వస్తాయని చూస్తే, మొత్తం కలిపి 5 డాలర్ల 35 సెంట్లు వచ్చింది. కొన్నవాళ్లు సామానంతా ఇంటాయనకే తిరిగిచ్చేశారు.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది, సినిమా దాన్ని దాటవేసింది. పెన్నీ వేలాలు బాగా పారింది ఎక్కువగా పశువులూ పనిముట్ల మీద, అంటే చరాస్తి తాకట్టుల మీద. భూమి వేలం వేరు. అక్కడ బ్యాంకు తన బాకీ మేరకు తానే పాడుకోవచ్చు. వేలంలో తక్కువ వస్తే మిగతా బాకీ రైతు నెత్తిన అలాగే ఉంటుంది, దానికి కోర్టు వేరే డిక్రీ ఇస్తుంది. అందుకే అసలు ఉద్యమకారులు పాట తక్కువలో ముగించి ఊరుకోలేదు. బాకీ చెల్లినట్టే అని అప్పిచ్చినవాడి చేత ఒప్పించే దాకా కదిలేవారు కాదు. విడార్ సినిమాలో పాట ముగియగానే కథ ముందుకు పోతుంది. డాలరు ఎనభై ఐదుతో బ్యాంకు ఎలా సర్దుకుందో, మర్నాడు దాని వకీలు ఏం చేశాడో అడిగేవాడు లేడు. తర్వాత కరువు వస్తుంది, కాలవ తవ్వుతారు, ఆ కాలవ సన్నివేశం అద్భుతం, ఒప్పుకుంటాను. పారలూ గడ్డపారలూ తాళానికి లేచి పడటం కోసం విడార్ చిత్రీకరణలో మెట్రోనోమ్, డ్రమ్ము వాడాడు. కానీ ఆ నీళ్లు పారుతున్న పొలం ఎవరిదన్న ప్రశ్న అంతకుముందే మాయమైపోయింది.

ఫాక్నర్ ఇందుకు పూర్తిగా తలకిందులుగా పనిచేస్తాడు. వేలం ఎంత పొడుగో, వేలం తర్వాతి కథ దాదాపు అంత పొడుగు. అసలు ఆ గుర్రాలు ఎవరివి? ఊళ్లో అందరికీ తెలుసు ఫ్లెంవని. ఫ్లెం ఒక్కసారీ ఒప్పుకోడు. మిసెస్ ఆర్మ్‌స్టిడ్ దుకాణం వసారాలో నిలబడి తన ఐదు డాలర్లు అడిగితే, డబ్బంతా టెక్సాస్ మనిషి పట్టుకుపోయాడంటాడు. లోపలికి వెళ్లి ఐదు సెంట్ల మిఠాయి పొట్లం తెచ్చి, పిల్లలకు తీపి అని ఆమె చేతిలో పెడతాడు. ఆమె అది పుచ్చుకుని వెళ్లిపోతుంది. ఈ అర పేజీ కోసమే మిగతా అంతా రాశాడా అనిపిస్తుంది నాకు. ఫ్లెం కర్కశుడనే మాట ఎక్కడా లేదు. ఇచ్చింది మిఠాయి, దయలాగే ఉంది చూడ్డానికి.

తర్వాత పంచాయతీ కోర్టు. ముసలి న్యాయమూర్తి, బైబిలు పక్కన పెట్టుకుని. ఎక్ గుర్రం వంతెన మీద బండిని తలకిందులు చేసి టల్ అనేవాణ్ణి గాయపరిచింది కాబట్టి నష్టపరిహారం అడుగుతారు. ఎక్ నిజాయితీపరుడు, ఇస్తానంటాడు. కానీ ఆ గుర్రం నోటిమాటగా ఇచ్చింది, కాగితం లేదు, దాని మెడకు తాడు వేసింది లేదు కాబట్టి ఎక్ దానికి యజమానే కాదని తీర్పు. ఐదు డాలర్ల వ్యాజ్యంలో ఫ్లెం బంధువు లంప్ బైబిలు మీద చెయ్యేసి అబద్ధం చెబుతాడు, డబ్బు టెక్సాస్ మనిషికి తిరిగిచ్చేశారని. రెండు కేసులూ అక్కడితో సరి. ఊరు మోసపోయింది, మోసం చేసినవాడు మాత్రం కోర్టు కాగితాల మీద ఎక్కడా లేడు.

విడార్ సినిమాలోనూ బ్యాంకు ఇలాగే కనిపించదు, షెరీఫ్ తప్ప. ఫ్లెం కనపడకపోవడాన్ని ఫాక్నర్ కథగా చేశాడు. బ్యాంకు కనపడకపోవడం విడార్‌కు సౌకర్యం అయింది. పొరుగువాళ్లు గెలవాలంటే ఎదుటివాడు మనిషిలా కనపడకూడదు. ఊరి బ్యాంకులో పనిచేసేవాడు వేలంలో లెక్క రాసే గుమాస్తాగా అందరికీ పరిచయమే అని మొదట్లో చెప్పాను. నిజమైన పెన్నీ వేలాల్లో ఎదురుగా నిలబడ్డది తరచూ ఆ తెలిసిన మొహమే. చిన్న ఊరి బ్యాంకులూ అప్పుడు వరసగా మూతపడుతున్నాయి. పొరుగువాడి చేతిలో పొరుగువాడు నష్టపోయే ఆ ఇరుకు విడార్ సినిమాలో లేదు. ఫాక్నర్‌లో ఉన్నదల్లా అదే.

బెదిరింపు సంగతి కూడా అంతే. సినిమాలో భుజాలు ఆనించడం చూసి మనం నవ్వి ఊపిరి పీల్చుకుంటాం. అసలు వేలాల్లో కొన్నిచోట్ల గడ్డి కొట్టం దూలానికి ఉరితాడు వేలాడదీసి ఉంచేవారు, ఎక్కువ పాడాలనుకునేవాడు చూసేలా. 1933 ఏప్రిల్ 27న ఐయోవాలోని లెమార్స్‌లో రైతులు జడ్జి చార్లెస్ బ్రాడ్లీని కోర్టు హాల్లోంచి ఈడ్చుకెళ్లారు. జప్తు ఉత్తర్వుల మీద సంతకం పెట్టనని మాటివ్వమన్నారు, ఆయన ఇవ్వలేదు. ఊరి బయట మెడకు తాడు బిగించారు, ప్యాంటు ఊడదీశారు, కందెన పట్టిన చక్రపు మూత తలమీద బోర్లించారు. చివరికి వదిలేశారు. గవర్నర్ క్లైడ్ హెరింగ్ నేషనల్ గార్డ్‌ను దించి సైనిక శాసనం పెట్టాడు. సినిమా తీస్తున్నప్పటికి దేశమంతా చదివిన వార్త ఇది. విడార్‌కు తెలియదనుకోను. ఆ తాడు తెరమీదికొస్తే ప్రేక్షకుడి సానుభూతి రెండుగా చీలుతుందని భయపడి ఉంటాడు. చీలనివ్వాల్సింది. అప్పుడు ఆ సన్నివేశం ఈపాటికి ఇంకో మెట్టు పైన ఉండేది.

అంతమాత్రాన ఫాక్నర్ పక్షాన తీర్పు చెప్పేసి చేతులు దులుపుకోను. విడార్ చేసింది ఒకటుంది, అది ఫాక్నర్ ఊహకు అందలేదు లేదా అందినా నమ్మలేదు. ఫ్రెంచ్‌మన్స్ బెండ్ మగవాళ్లూ విడార్ రైతులూ ఒకే పని చేస్తారు: వేలంలో నోరు మూసుకుని నిలబడతారు. ఫాక్నర్ ఊళ్లో ఆ మౌనం ఎవడికివాడిది. పక్కవాడు ముందు పాడాలని కాచుకున్న మౌనం, ఎక్ నోరు విప్పగానే ముక్కలైంది. విడార్ పొలంలో అది ముందే మాట్లాడుకుని వచ్చిన మౌనం. ఇరవై ముప్పైమంది కలిసి ధర పెరగకూడదని అనుకుంటే పెరగదు. బజారు ఏదో ప్రకృతి శక్తి అన్నట్టు మాట్లాడే ఆర్థికవేత్తలు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. వాళ్లకు ఆ రెండు నిమిషాల సినిమా చూపించవచ్చు. ఫాక్నర్ ఊళ్లో ఒక్కడు, ఒకే ఒక్కడు, హెన్రీ చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లి ఉంటే కథ నడవదు. అంత చిన్న పని కూడా ఆ ఊరికి తోచనివ్వకపోవడం నిష్ఠురమైన నిజమా, రచయిత తన పల్లె మీద వేసిన నిందా? నాకైతే రెండోది కాస్త పాలెక్కువ అనిపిస్తుంది.

చట్టం మాత్రం గుంపు అడిగిందాన్ని కొంత ఇచ్చింది. 1933 మొదట్లో ఐయోవా, ఏప్రిల్‌లో మిన్నెసోటా జప్తుల మీద గడువు పొడిగించే చట్టాలు చేశాయి. మిన్నెసోటా చట్టాన్ని సుప్రీంకోర్టు 1934 జనవరి 8న ఐదుగురు అవుననీ నలుగురు కాదనీ నిలబెట్టింది. తీర్పు రాసింది ప్రధాన న్యాయమూర్తి చార్లెస్ ఎవాన్స్ హ్యూస్. రైతుల అలజడిలోంచి పుట్టిన చట్టమే గానీ ఆ కేసులో ఆస్తి మాత్రం పొలం కాదు, మినియాపొలిస్ పట్నంలో ఒక ఇల్లు. అదే ఏడాది వచ్చిన ఫ్రేజియర్-లెమ్కీ రైతు దివాలా చట్టాన్ని 1935 మేలో కోర్టు కొట్టేసింది, సవరించి మళ్లీ చేస్తే 1937లో ఒప్పుకుంది. తాడు వేలాడదీసి ఊరివాళ్లు కొన్న గడువును చివరికి చట్టసభ ముద్ర వేసి ఇచ్చిందన్నమాట.

ఆ ధరల పతనం మనవైపూ వచ్చింది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో వడ్ల ధర కూలిపోయి, శిస్తూ వడ్డీ మాత్రం తగ్గక రైతు నలిగింది ఆ ఏళ్లలోనే. రాజాజీ మంత్రివర్గం 1938లో మద్రాసు వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం తెచ్చింది. మరుసటి ఏడు గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ' తీశారు, చల్లపల్లి రాజా అండ ఉన్న సారథి సంస్థ ద్వారా. జమీందారు డబ్బుతో జమీందారీని ఎండగట్టిన ఆ సినిమా మీద బొబ్బిలి, వెంకటగిరి సంస్థానాలు మండిపడ్డాయి. విడార్‌లాగే గూడవల్లీ నడుస్తున్న గొడవను వేడి తగ్గకముందే తెరకెక్కించాడు. ఆ తొందరకు కొంత మూల్యం ఉంటుంది, కొంత విలువా ఉంటుంది. ఫాక్నర్ తన వేలాన్ని ఇరవయ్యో శతాబ్దపు మొదటి పదేళ్లలోకి జరిపి, కథగా వచ్చాక కూడా ఏళ్ల తరబడి దగ్గరుంచుకుని, తిరగరాసి నవలలో చేర్చాడు. ఆయనకు ఏ చట్టమూ గెలిపించాల్సిన పని లేదు.

ఇద్దరి ఆడవాళ్ల గురించి ఒక మాట. విడార్ మేరీ ఎప్పుడూ భర్తకు ధైర్యం చెబుతూ ఉంటుంది. శాలీ అనే పట్నం పిల్ల అతన్ని తప్పుదారి పట్టించడానికే వస్తుంది. వేలంలో భుజాలు ఆనించేది అందరూ మగవాళ్లే. కోళ్లఫారం, పాలడబ్బులు, కూరగాయల జాడీలు చూసుకున్న ఇల్లాళ్లకు ఆ జప్తుల్లో పోయేది ఎంతో ఆ సినిమాకు పట్టదు. ఫాక్నర్‌కు మాత్రం డబ్బు ఎవరు సంపాదించారో లెక్క తెలుసు: దారపు ముక్కలు, రాత్రి నేత, ఐదు డాలర్లు. ఆ లెక్క లేకపోతే గుర్రాల వేలం ఒక జానపద హాస్యకథగా మిగిలేది, చాలామంది అమెరికన్ పాఠకులు దాన్ని అలాగే గుర్తుపెట్టుకున్నారు కూడా.

'ది హామ్లెట్' ముగిసేది ఇంకో అమ్మకంతో, ఈసారి వేలం లేదు. ఫ్లెంకు మామ విల్ వార్నర్ ఇచ్చిన పాడుబడ్డ పాత ఫ్రెంచ్‌మన్ బంగళా ఉంది. రాత్రిళ్లు అక్కడ తవ్వుతున్నట్టు కనపడి, మట్టిలో నాణేలు దాచి, బంగారం ఉందన్న ఆశ పుట్టిస్తాడు. వలలో పడేది హెన్రీ ఆర్మ్‌స్టిడ్, బుక్‌రైట్ అనే రైతు, ఇంకా గుర్రాల వేలానికి ముందే హెచ్చరించిన తెలివిగల రాట్లిఫ్! కంచె లేదు, గుంపు లేదు, పక్కవాడి చూపు లేదు. ముగ్గురూ చీకట్లో గుట్టుగా కొంటారు. వేలం నడిచిన రోజు ఊరి చూపే హెన్రీని ముంచిందని మనం అనుకున్న లెక్క ఇక్కడ కొంత తప్పుతుంది. బుక్‌రైట్ రొక్కం ఇస్తాడు. రాట్లిఫ్ పట్నంలోని తన హోటలు వాటా రాసిస్తాడు. హెన్రీ దగ్గర వేరే ఏమీ లేదు కాబట్టి తన పొలం తాకట్టు పెట్టి కాగితం ఫ్లెం చేతిలో పెడతాడు. ఆ కాగితం గడువు తీరి, పొలం వేలానికి వచ్చి, షెరీఫ్ పాట మొదలెడితే ఫ్రెంచ్‌మన్స్ బెండ్‌లో ఎంతమంది హెన్రీ పక్కన భుజం ఆనించి నిలబడతారు? విడార్ దగ్గర ఆ ప్రశ్నకు సమాధానం సిద్ధంగా ఉంది. ఫాక్నర్ ఆ వేలం రాయలేదు.